ల్యాప్‌టాప్ మనది.. తాళం ఎవరిది?

"సిస్టం పోయిందండి, ఫార్మాట్ కొట్టాలి." అమలాపురం అయినా తణుకైనా రాజమండ్రి అయినా, కంప్యూటర్ షాపు బల్ల ముందు నిలబడితే వినపడే మాట ఇదే. తెర నీలంగా మారి నాలుగు ఇంగ్లీషు ముక్కలు చూపించి ఆగిపోద్ది. లేదంటే కంపెనీ బొమ్మ దగ్గరే సున్నా గిర్రున తిరుగుతా ఉండిపోద్ది. డిగ్రీ చదివే కుర్రోడో, జిరాక్స్ షాపు పెట్టుకున్న ఆవిడో, ఇంట్లోంచి ఉద్యోగం చేసుకునే పిల్లో దాన్ని సంచిలో పెట్టుకొచ్చి ఆ బల్ల మీద పెడతారు. సాయంత్రానికి విండోస్ ఎక్కించి ఇచ్చేస్తారు. డబ్బులిచ్చి వచ్చేస్తాం. ఇందులో రాజకీయం ఏముందండీ అని అడగొచ్చు మీరు. చాలా ఉందండి. డబ్బు పెట్టి కొనుక్కున్న మిషను మీద పెత్తనం ఎవరిదన్నది ఆ బల్ల దగ్గరే తేలిపోతోంది. మనం అడక్కుండానే తేలిపోతోంది.

ఇప్పుడే ఈ ఊసు ఎందుకంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. అంటే ఆ రోజున కంప్యూటర్లేమీ ఆగిపోలేదు. ఏటిగట్టుకి ఎలక బొరియ పడితే ఎవరో ఒకరు చూసి మట్టి వెయ్యాలి కదా. సిస్టంలో బయటపడే బొరియలకి కంపెనీ నెలనెలా అలా మట్టి వేసేది. ఆ తేదీతో వెయ్యడం మానేసింది. గట్టు నిలబడే ఉంది, వరదొచ్చినప్పుడు మాత్రం పూచీ మాది కాదంటోంది.

మరి విండోస్ 11కి మారిపోవచ్చు కదా అంటే, అక్కడుంది మెలిక. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం గానీ ఆ తర్వాతది గానీ అయ్యుండాలి. అంటే 2018కి ముందు కొన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు బయటే. మన దగ్గర ఇంజనీరింగ్, డిగ్రీ పిల్లలు ఎక్కువమంది వాడేది సెకండ్ హ్యాండువే. అన్న వాడి చెల్లికిచ్చినవి, హైదరాబాదు కంపెనీలు వదిలించుకుంటే షాపులకొచ్చినవి. కీబోర్డు బాగుంది, తెర బాగుంది, బ్యాటరీ మారిస్తే ఇంకో ఐదేళ్లు లాగుద్ది. అయినా పనికిరాదంట. కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023 చివర్లో వేసిన అంచనా ప్రకారం, ఇలా ప్రపంచం మొత్తమ్మీద 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి పోయే ప్రమాదం ఉంది. వాటికి రోగమొచ్చి కాదండి, కాగితం మీద వయసు దాటిపోయిందని.

కంపెనీ ఒక దారి పెట్టింది. 2026 అక్టోబర్ 13 దాకా ఇంకో ఏడాది మట్టి వేస్తాం, దానికి 30 డాలర్లు కట్టండి, లేదంటే మీ సెట్టింగులు మా ఖాతాలోకి బ్యాకప్ చెయ్యండి, లేదంటే మా రివార్డు పాయింట్లు వెయ్యి ఇవ్వండి అంది. ఐరోపాలో వినియోగదారుల సంఘాలు దీని మీద గట్టిగా నిలదీసేయి. దాంతో అక్కడి జనానికి డబ్బూ వద్దు, బ్యాకప్పూ వద్దు, ఖాతాతో లాగిన్ అయితే చాలు, ఉచితమే అని కంపెనీ వెనక్కి తగ్గింది. మనకి తగ్గలేదు. మనం అడగలేదు కాబట్టి తగ్గలేదు.

ఒకే మిషనుకి రెండు బేరాలు

ఇప్పుడు షాపు బల్ల దగ్గరికి వద్దాం. ముందే చెబుతున్నా, షాపు కుర్రోళ్ల మీద నాకు కోపం లేదు. మండుటెండలో చిన్న కొట్లో కూర్చుని, ఊళ్లోవాళ్ల మిషన్లన్నీ బతికిస్తున్నది వాళ్లే. కానీ జనానికి తెలియాల్సిన సంగతి ఒకటుంది.

2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్‌తో పాటు అమ్మిన ల్యాప్‌టాప్‌లకి లైసెన్సు కోడ్‌ని తయారీ కంపెనీలు మదర్‌బోర్డు చిప్పులోనే రాసి పంపుతున్నాయి. సిస్టం కూలిపోయినా, హార్డ్ డిస్కు మార్చినా ఆ కోడ్ ఎక్కడికీ పోదు. మళ్లీ అదే రకం విండోస్ ఎక్కిస్తే కోడ్‌ని తనే చదువుకుంటది, నెట్ తగలగానే అసలు సరుకుగా నమోదైపోతది. ఎక్కించే ఫైలు మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే చాలు. అంటే లైసెన్సు డబ్బు మనం ల్యాప్‌టాప్ కొన్నరోజే కట్టేసేం. తర్వాత షాపులో ఇచ్చేది పని కూలి మాత్రమే అవ్వాలి.

జరిగేది వేరు. మన ల్యాప్‌టాప్ 'హోమ్' రకంతో వచ్చుంటది. షాపులో పెన్‌డ్రైవ్‌లో రెడీగా ఉన్నది 'ప్రో'. రకం మారితే చిప్పులో కోడ్ పట్టదు. పట్టకపోతే క్రాక్ కొడతారు. క్రాక్ పనిచెయ్యాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటది. ఇంటి తాళం పగలగొట్టేవాణ్ణి పిలిచి, ముందు కుక్కని కట్టేసినట్టు. డబ్బు కట్టి కొన్న అసలు సరుకు తీసేసి, దాని జాగాలో దొంగ సరుకు పెట్టించుకుని, దానికి మళ్లీ డబ్బులిచ్చి ఇంటికొస్తున్నాం. ఆ క్రాక్‌తో పాటు ఇంకేం వచ్చిందో ఎవరికీ తెలీదు. అదే మిషన్‌లో బ్యాంకు పాస్‌వర్డు కొడతాం, ఆధార్ కాగితాలు దాస్తాం.

మీది ఏదో మీరే చూసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ అనే పేజీ తెరవండి. డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయిందని ఉంటే మామూలుగా ఇబ్బంది లేదు. 'మీ సంస్థ యాక్టివేషన్ సర్వీసు ద్వారా' అన్న అర్థంలో ఇంగ్లీషులో ఉంటే ఒకసారి ఆలోచించండి. మీకే సంస్థా లేనప్పుడు ఆ సంస్థ ఎవరిది?

చట్టం చూస్తే ఇంకా విచిత్రం. 1957 కాపీరైట్ చట్టంలో 63బి అనే సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే 7 రోజులకి తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం వాడకపోతే కోర్టు జైలు తీసేసి జరిమానాతో సరిపెట్టొచ్చు. అంటే జిరాక్స్ షాపు ఆవిడకి ఆ వెసులుబాటు కూడా లేదన్నమాట. లైసెన్సు డబ్బు కట్టినావిడే, కోడ్ చిప్పులో ఉన్నావిడే, ఆ సంగతి చెప్పే దిక్కు లేక చట్టం ముందు దొంగగా నిలబడాల్సొస్తోంది. ఎవరూ వచ్చి అరెస్టు చెయ్యట్లేదు కదా అంటారు. నిజమే. కానీ తలమీద కత్తి వేలాడుతూ ఉన్నవాడు గట్టిగా మాట్లాడలేడు. అదీ కంపెనీలకి కావాల్సింది.

పెద్దోళ్ల మిషన్లూ అంతే

చదువురాకో, పేదరికం వల్లో జరిగేది కాదిది. 2024 జూలై 19న ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కి ఒక తప్పుడు అప్‌డేట్ పంపింది. మైక్రోసాఫ్ట్ చెప్పిన లెక్కలోనే 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెరతో పడిపోయేయి. విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు అన్నీ ఎక్కడివక్కడే. హైదరాబాదు విమానాశ్రయంలో ఇండిగో వాళ్లు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చేరు. మన ఊరి బస్సు కండక్టరు టికెట్టు రాసినట్టే.

ఆ మిషన్లని లేపింది ఎలా అంటే, చాలాచోట్ల మనిషి వెళ్లి ఒక్కోదాన్నీ సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ పాడు ఫైలు తీసెయ్యాల్సొచ్చింది. డిస్కుకి తాళం ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కొడితే గానీ లోపలికి పోలేదు. ఆ కీ ఎక్కడ దాచేరో తెలిసిన ఆఫీసు గంటల్లో లేచింది. తెలీనిది రోజుల తరబడి కూర్చుంది. వాడేవాడి తప్పు ఇసుమంత లేదు. తాళం తన దగ్గర లేకపోవడమే వాడి నేరం.

ఆ 48 అంకెల తాళం ఇప్పుడు మన ఇళ్లల్లోకీ వచ్చేసింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 రకాన్ని కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, చాలా మిషన్లలో డిస్కుకి దానంతట అదే తాళం పడిపోతది. కీ ఆ ఖాతాలో ఉంటది. షాపులో ఎవరి మెయిల్‌తోనో ఖాతా తెరిచి ఇచ్చేసేరనుకోండి. రేపు సిస్టం కూలితే మీ ఫొటోలు, సర్టిఫికెట్లు మీ కళ్లెదురుగా ఉన్న డిస్కులోనే ఉంటాయి, మీకు మాత్రం కనపడవు. హోమ్ రకం విండోస్ 11 ఎక్కించేటప్పుడు నెట్ ఉండాలి, ఖాతా ఉండాలి అని కంపెనీ పట్టు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి నెట్ ఆపేసేరు. ఇంట్లోంచి ఉద్యోగం చేసుకునే కుర్రోళ్లు సిగ్నల్ వెతుక్కుంటా పక్క ప్రాంతాలకి పోయేరు. అలాంటి రోజున సిస్టం పోతే, సొంత మిషన్‌ని సొంతంగా లేపుకునే హక్కు కూడా నెట్‌తో పాటే పోయినట్టు కదండీ.

లస్కరు చేతిలో షట్టరు

మన డెల్టా రైతుకి ఈ లెక్క కొత్తేమీ కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ కాలవ నీళ్ల మీద బతుకుతున్నాం. పొలం మనదే, విత్తనం మనదే, చెమట మనదే. కానీ తూము షట్టరు తాళం లస్కరు దగ్గర ఉంటది. అందుకే శివారు ఆయకట్టు రైతులు నీటి సంఘం అడిగేరు, వంతుల లెక్క అడిగేరు, కాలవ గట్టు మీద కూర్చుని ధర్నాలు చేసేరు. షట్టరు ఎవడు దించేడు, ఎందుకు దించేడు అని అడిగే తెలివి మనకుంది. అదే తెలివి కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పనిచెయ్యట్లేదంటే, ఇది మనకి అర్థం కాని ఇంగ్లీషు యవ్వారం అని నమ్మించేసేరు.

ప్రభుత్వాలు ఆ నమ్మకాన్ని పెంచేయే గానీ తగ్గించలేదు. 2019 అక్టోబర్ 2న మన తూర్పుగోదావరి కరపలోనే గ్రామ సచివాలయాలు మొదలయ్యేయి. ఈ-పంట, ధాన్యం కొనుగోలు, సర్టిఫికెట్లు, అన్నీ కంప్యూటర్ గుండానే. అది పడిపోతే రైతుకి వచ్చే సమాధానం 'సర్వర్ డౌన్ అండి, రేపు రండి'. 2022 డిసెంబర్ 21 నుంచి సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి, అయ్యవార్లకి కలిపి 5 లక్షలకి పైగా ట్యాబులు పంచేరు. లోపల బైజూస్ పాఠాలు. 2024 జూలై 16న బెంగళూరు ఎన్‌సీఎల్‌టీ ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియకి ఆదేశించింది. ఏ పార్టీ మంచిది, ఏ పార్టీ చెడ్డది అన్న గొడవ కాదిది. పిల్ల చేతిలో మిషను పెట్టి, పాఠం తాళం ఒక ప్రైవేటు కంపెనీ మొలకి కట్టిన పద్ధతి గురించి అడుగుతున్నా. ఆ ట్యాబు తెరిచి, తుడిచి, వేరే పాఠాలు ఎలా ఎక్కించుకోవాలో ఆ పిల్లలకి నేర్పించాలన్న ఆలోచన ఆ పథకంలో ఎక్కడుంది?

కేరళ ఇంకో దారి తొక్కింది. 2000 దశాబ్దం మధ్యలోనే బడుల్లో కంప్యూటర్ చదువుని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదకి మార్చేరు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కోడికి పంచొచ్చు అనే లైసెన్సుతో వచ్చే సాఫ్ట్‌వేర్ అది. లైనక్స్ అని మనం పిలిచేది ఆ కుటుంబమే. కైట్ అనే వాళ్ల ప్రభుత్వ సంస్థ, 2 లక్షలకి పైగా బడి కంప్యూటర్లలో ఇది వాడటం వల్ల 3,000 కోట్ల రూపాయల లైసెన్సు ఖర్చు తప్పిందని 2019లో లెక్క చెప్పింది. డబ్బు సంగతి అలా ఉంచండి. అయ్యవార్లకి సిస్టం ఎక్కించడం నేర్పేరు. 'లిటిల్ కైట్స్' అని పిల్లల క్లబ్బులు పెట్టేరు. బళ్లో మిషను పడిపోతే ఊరంతా చూసే దిక్కు బళ్లోనే ఉండేలా చేసుకున్నారు.

మన దగ్గర మనుషులు లేక కాదు. 2005 నుంచి 'స్వేచ్ఛ' అనే తెలుగు సంస్థ ఇదే పని మీద ఉంది. డెబియన్ మీద తెలుగు మెనూలతో స్వేచ్ఛ ఓఎస్ తయారు చేసేరు, ఇంజనీరింగ్ కాలేజీల్లో కుర్రోళ్లతో క్లబ్బులు పెట్టించేరు. ప్రభుత్వమే దాన్ని తన పనిగా ఎత్తుకోలేదు.

తెలుగుకీ తాళమే

సిస్టం మారిస్తే మనకి అదనంగా ఇంకో నష్టం ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు వేసే డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే. పేజ్‌మేకర్ ఆఖరి రకం 7.0 వచ్చింది 2001లో. అందుకే ఆ షాపుల్లో పాత సిస్టం మార్చాలంటే గుండె దడ. కూలిపోయి కొత్త సిస్టం ఎక్కిస్తే అను రాదు, అను రాకపోతే ఇరవై ఏళ్ల ఫైళ్లు తెరిచినా పిచ్చి గీతలు. మన సంఘాల కరపత్రాలు, ఊరి పత్రికలు, కవుల పుస్తకాలు ఎన్ని అలా మూగబోయేయో! యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటొచ్చింది. దాంట్లో రాసింది ఏ సిస్టంలోనైనా తెలుగులాగే కనపడతది. గిడుగు, గురజాడ, సూరన్న, ధూర్జటి పేర్లతో ఉచిత ఫాంట్లున్నాయి. జనం భాష కోసం కొట్లాడిన గిడుగు రామ్మూర్తి పంతులుగారి పేరున్న అక్షరం జనానికి ఊరికే దొరుకుతుంటే, మనం తాళమేసిన అక్షరంలో రాసుకుంటున్నాం. పాత ఫైళ్లు మిషను బతికుండగానే యూనికోడ్‌లోకి మార్చుకోండి. చచ్చేక మార్చలేం.

లైనక్స్ ఎక్కిస్తే అన్నీ అయిపోతాయని చెప్పట్లేదు. వేలిముద్ర మిషన్లు, డిజిటల్ సంతకం డాంగిళ్లు, ట్యాలీ లాంటివి దాంట్లో సతాయిస్తాయి, కొన్ని అసలు నడవవు. మీసేవ లాంటి పని చేసేవాళ్లు రేపే మారిపోలేరు. కానీ ఆ ఇబ్బంది ఎక్కడిది? ప్రభుత్వం వేలిముద్ర మిషను కొనేటప్పుడు, పోర్టల్ కట్టించేటప్పుడు 'ఇది అన్ని సిస్టంల మీదా నడవాలి' అని టెండర్‌లో ఒక్క ముక్క రాయకపోవడం దగ్గరిది. చదువుకి, టైపుకి, నెట్‌కి, సినిమాకి వాడే ఇంటి ల్యాప్‌టాప్‌కి ఆ ఇబ్బందీ లేదు. కంపెనీ చెత్త అన్న పదేళ్ల నాటి మిషన్ మీద లైనక్స్ మింటో, డెబియనో ఇవాళ్టికీ సాఫీగా నడుస్తాయి. నెలనెలా మట్టీ పడుతుంది.

చెరువు నింపుకోవాలి

దాళ్వా అయ్యేక కాలవలు కట్టేస్తారు. తేదీ ముందే చెబుతారు. ఆ లోపు పంచాయతీలు మంచినీళ్ల చెరువులు నింపుకుంటాయి. నింపని ఊరు ఎండల్లో ట్యాంకర్ వెనకాల బిందెలతో పరిగెడతది. విండోస్ 10 తేదీ కూడా ఏళ్ల ముందే చెప్పేరు. మన సచివాలయాలు, బడులు, ఆసుపత్రులు చెరువు నింపుకున్నాయా? అడుగుదాం. సమాచార హక్కు చట్టం కింద ఊరి స్థాయి ఆఫీసులో దరఖాస్తుకి మన రాష్ట్రంలో ఫీజే లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. మీ ఆఫీసులో కంప్యూటర్లు ఎన్ని, వాటిలో ఏ సిస్టం, లైసెన్సు ఉందా, బ్యాకప్ ఎన్నాళ్లకోసారి, విండోస్ 10 మిషన్లని ఏం చేస్తారు అని ఒక కాగితం పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇంట్లో చేసుకోవాల్సిందీ ఉంది. 86 వరద చూసిన లంక ఊళ్లల్లో పట్టాదారు పాస్‌బుక్కులు అటక మీద పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైళ్లన్నీ ఉండేది సీ డ్రైవ్‌లోనే. ఫార్మాట్ కొడితే ముందు మునిగేది అదే. కాబట్టి వేరే డిస్కులో ఇంకో కాపీ ఉండాలి. సిస్టం కూలినా కంగారు పడి 'కొట్టెయ్యండి' అనొద్దు. లైనక్స్ పెన్‌డ్రైవ్ పెడితే ఏదీ ఎక్కించకుండానే మిషను తెరుచుకుంటది. డిస్కుకి తాళం లేకపోతే ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు. డిస్కు టకటకా చప్పుడు చేస్తుంటే తప్పు సిస్టానిది కాదు, డిస్కుదే. దాని మీద మళ్లీ ఎక్కిస్తే ఉన్నదీ పోద్ది. షాపులో 'నా మిషన్‌తో వచ్చిన రకమే ఎక్కించు బాబూ, క్రాక్ వద్దు, ఖాతా నా మెయిల్‌తోనే తెరువు, రికవరీ కీ కాగితం మీద రాసివ్వు' అని అడగండి. నలుగురు అడిగితే ఐదోవాడికి షాపోడే అలా చేసిస్తాడు.

ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో, హైస్కూళ్లలో ఇది పాఠం అవ్వాలి. మోటారు కాలిపోతే వైండింగ్ చేసేవాడు, ట్రాక్టరు ఆగితే విప్పేవాడు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. వాళ్లకి ఎవరూ పట్టా ఇవ్వలేదు. మూత విప్పి చూసే వీలుంది కాబట్టి నేర్చుకున్నారు. కంప్యూటర్‌కి కూడా మూత తియ్యనిచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లల ముందు పెట్టండి చాలు. మిగతాది గోదావరి పిల్లలు చూసుకుంటారు.